పొలిమేర దాటని నీరు

ఆ ఏడు కార్తీక అమావాస్య నాడు సముద్రం మీద పదిహేను తేలుబుడ్లు ఒక్కసారిగా నిలబడిపోయాయి.

ఆ సంగతి ముందుగా చూసింది తాయారు. భీమిలి దాటాక కొండ మీదున్న సాగర ప్రవాహ కేంద్రంలో ఆమెది ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. శాస్త్రవేత్త కాదు, పటాలు గీసే మనిషి. తులసికోటకు నీళ్ళు పోసి, విష్ణుసహస్రం సగం ఇంట్లోనూ సగం బస్సులోనూ ముగించుకుని, తొమ్మిదికల్లా బల్ల ముందు కూర్చుంటుంది. బుడ్లు ఎక్కడున్నాయో యంత్రం చెబుతుంది. ఆ చోట్ల పటం మీద పెన్సిలుతో చుక్కలు పెడుతుంది. యంత్రం తనంతట తానే గీసినా సరే, చేత్తో కూడా గీయాలని పాత డైరెక్టరు పెట్టిన నియమం. ఆయన పోయాడు గానీ నియమం పోలేదు.

తేలుబుడ్డి అంటే బిందె అంత గుండ్రటి డబ్బా. దూరానికి కనబడాలని ఒళ్ళంతా పసుపు రంగు, పైన ఎర్రటి మూత. లోపలున్న చిన్న యంత్రం తానెక్కడున్నదీ రోజుకు రెండు సార్లు ఆకాశంలోని ఉపగ్రహానికి చెప్పుకుంటుంది. అరవై రోజులకు దాని ఊపిరి ఆగిపోతుంది. దసరా వెళ్ళిన దగ్గర్నుంచి మూడు నాలుగు రోజులకొకటి చొప్పున కేంద్రం పడవ నడిపే దానయ్య వాటిని నీళ్ళలో వదిలి వస్తాడు. ఆ రోజుల్లో తీరం వెంట సముద్రపు నీరు ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. మాఘం దాటితే అదే నీరు వెనక్కి తిరిగి ఉత్తరానికి నడుస్తుంది. గాలి తోసినందుకు కొంత, ఉప్పునీరు బరువై కిందికి దిగి మంచినీరు తేలికై పైన నిలిచినందుకు కొంత, ఎండకు కొంత, భూమి తన చుట్టూ తాను తిరిగినందుకు కొంత. సముద్రం ఎక్కడా ఊరికే ఉండదు. ఇక్కడ బయల్దేరిన నీరు లంకను చుట్టి, పడమటి సముద్రంలో కలిసి, ఆఫ్రికా కొన దాటి, చివరకు మంచు సముద్రాల అడుగుకు దిగి మళ్ళీ ఎప్పుడో పైకి లేస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి విని తాయారు చేతులు జోడించింది. "నీరు కూడా ప్రదక్షిణ చేస్తుందన్నమాట," అనుకుంది.

అలాంటి నీటి మీద, భీమిలి నుంచి గోదావరి మడ అడవుల దాకా వేర్వేరు చోట్ల ఉన్న పదిహేను బుడ్లూ ఒకే రోజున నిలబడ్డాయి. తాయారు పటం పట్టుకుని డైరెక్టరు డాక్టర్ సుధీంద్ర గదిలోకి వెళ్ళింది.

"అమావాస్య కదండీ తాయారుగారూ," అన్నాడాయన, కళ్ళు తెర మీద నుంచి తిప్పకుండానే. "సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో లాగుతారు. పోటు ఎక్కువ. బుడ్లు తడబడతాయి."

"పున్నమికీ అంతే లాగుతారని మీరే చెప్పారు కదండీ. పున్నమికి ఒక్కటీ ఆగలేదు."

ఆయన తలెత్తాడు.

"దీపావళి అమావాస్యకి ఆగాయి," అంది తాయారు. "నిరుడు పటాలు తీసి చూశాను. నిరుడూ అంతే. రెండు అమావాస్యలూ ఆగాయి, పున్నమి నాడు నడిచాయి."

"మర్నాడు మళ్ళీ నడిచాయా లేదా?"

"నడిచాయండి."

"అది చాలు. రోజుకు నాలుగు కిలోమీటర్లయినా ఫరవాలేదు, నీరు నడవాలి. అది నడిచినంతకాలం మనం కిందికి తోసిన వేడి దక్షిణానికి పోతూనే ఉంటుంది. ఇప్పుడు నా బెంగ వేరే. అండమాన్ దగ్గర అల్పపీడనం పుట్టింది. మూడు నాలుగు రోజుల్లో ఇటు వస్తుంది. వచ్చి, ఎప్పటిలాగే చస్తుంది."

తనకు ఏడేళ్ళప్పుడు వచ్చిన ఒక ఉప్పెనలో ఇంటిల్లిపాదీ పోగా మిగిలినవాడు సుధీంద్ర. తుపానుకు బలం సముద్రం మీది వేడి. బంగాళాఖాతంలో నదుల మంచినీరు పాల మీద మీగడలా పైన పరుచుకుని ఆ వేడిని పట్టి ఉంచుతుంది. ఆ మీగడను చెదరగొట్టాలని ఆయన గొట్టాలు కనిపెట్టాడు. రెండు వందల మీటర్ల పొడుగున్న గొట్టాలు నీళ్ళలో నిలువునా తేలుతుంటాయి. అల ఎక్కి దిగినప్పుడల్లా వాటి మూతలు తెరుచుకుని మూసుకుని పైనున్న వేడినీటిని అడుగుకు తోస్తాయి, అడుగున ఉన్న చల్లటి నీటిని పైకి తోడతాయి. జనం వాటిని ఉయ్యాల గొట్టాలన్నారు. పన్నెండు వేల గొట్టాలు వేశాక, ఏడేళ్ళలో తొమ్మిది తుపానులు ఒడ్డు చేరకముందే చచ్చాయి. తోసిన వేడి అడుగున పోగుపడకుండా తీరపు నీరు ఈడ్చుకుపోవాలి. ఈడ్చుకుపోతోందనడానికి సాక్ష్యం ఆ బుడ్లే. మొదట్లో రోజుకు ముప్పై కిలోమీటర్లు పోయిన బుడ్లు రెండేళ్ళ క్రితం నాలుగుకు పడిపోయాయి. అయినా నడుస్తున్నాయి కదా అని లోతు నీటిలో వేడి కొలవడం కూడా మానేశారు.

ఆ సాయంత్రం తాయారు అరటిదొప్పలు కోసుకుంటూ కూర్చుంది. మర్నాడు పోలి పాడ్యమి, పోలి స్వర్గానికి వెళ్ళిన రోజు. కార్తీకమంతా దీపం పెట్టిన ఆడవాళ్ళు ఆ తెల్లవారుజామున దొప్పలో ముప్పై వత్తులు వెలిగించి నీటిలో వదులుతారు. భర్త శేషాచార్యులు చిన్న కోవెలలో అర్చకుడు. నివేదన ముగించుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"ఏమండీ, సముద్రానికి తిథి తెలుస్తుందా?"

"ఇదేం ప్రశ్న తాయారూ? ఆటుపోట్లు చంద్రుణ్ణి బట్టే కదా."

"ఆటుపోట్ల సంగతి కాదు. అమావాస్య ఒక్కటే పాటిస్తుందా అని."

ఆచార్యులు నవ్వాడు. "చంద్రుణ్ణి నీరు పాటిస్తుంది. అమావాస్యను పాటించేవాళ్ళం మనం. ఫలానా రోజు పని ముట్టకూడదు, ప్రయాణం పెట్టుకోకూడదు అనుకునేది మనిషి గానీ నీరు కాదే పిచ్చిదానా."

తాయారు చేతిలో దొప్ప కత్తిపీట దగ్గరే ఆగిపోయింది. ఆయన మళ్ళీ ఏదో అన్నాడు. ఆమెకు వినబడలేదు.

తెల్లవారుజామున ఉప్పిలిపాలెం రాళ్ళ దగ్గరికి పదిమంది ఆడవాళ్ళు చేరారు. అక్కడ రాళ్ళ చాటున అల తక్కువ. ఏటా ఆ చాటు నుంచి దొప్పలు వరసగా దక్షిణానికి సాగి, కొన దాటి, కనుమరుగయ్యేవి; నిరుడు ఉత్తరపు గాలి తోసింది, ఇవాళ గాలి లేదు. తాయారు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి దొప్ప వదిలింది. అందరూ వదిలారు.

దీపాలు పోలేదు. వదిలిన చోటే ఒకదానికొకటి తగులుకుంటూ, పూజ గదిలో పెట్టినట్టు నిలబడ్డాయి.

"పోలి ఈ ఏడు స్వర్గానికి పోనంటోంది కాబోలు," అని ఒకావిడ వేళాకోళం చేసింది. ఇంకొకావిడ చేత్తో నీళ్ళు తోసింది. దీపాలు రెండడుగులు జరిగి మళ్ళీ ఆగాయి. తూర్పు ఎర్రబడి, వత్తులు కాలి, ఒక్కొక్కటే నీళ్ళలో చుయ్యిమని ఆరిపోయేదాకా తాయారు అక్కడే నిలబడి చూసింది. తరవాత తడి చీర పిండుకుని తిన్నగా దానయ్య ఇంటికి నడిచింది.

దానయ్య తల్లి సత్తెమ్మ వాకిట్లో నాలుగు చేపలు ఆరబోస్తోంది. ఆ పాలెంలో గంగమ్మ తల్లికి ఘటం ఎత్తేది ఆవిడే. డెబ్బై దాటినా నడుము వంగలేదు.

"రా తల్లీ, అయ్యోరమ్మా. ఇంత పెందలాడే వచ్చినావేటి?"

ఇంటి పక్కన వేపచెట్టు నీడలో, ముగ్గు మధ్యన, పసుపు కుంకుమలతో, మెడలో వేపమండలతో ఒక తేలుబుడ్డి కూర్చుని ఉంది. ఐదు రోజుల క్రితం దానయ్య నీళ్ళలో వదిలిన బుడ్డి అది. తాయారు దాని వంక చూసింది. దానయ్య తల గోక్కున్నాడు.

"అది... నిన్న అమాస గదమ్మగోరూ. పడవ దింపకూడదు. ఇయ్యేల సాగనంపుతాం," అన్నాడు.

"ఎక్కడికి?"

"కొమ్మరపేట పొలిమేరకి," అంది సత్తెమ్మ, అందులో అడగడానికేముందన్నట్టు. "పసుప్పచ్చగా, ఎర్ర మూతెట్టుకుని, ఘటం నాగే వచ్చి ఊరి ముంగిట నిలబడిపోతాది. అమ్మోరు పొలిమేరలో నిలబడిపోతే ఊరికి మంచిదా? నీల్లు పోసి, కాయ కొట్టి, పడవెక్కించి పై ఊరు దాటిస్తాం. ఆల్లు ఈతదిబ్బ దాటిస్తారు. ఆల్లు మరో ఊరు. మా అత్త కాలంలో కలరా అమ్మోరిని ఇలాగే బండి మీద దాటించుకునేవారు."

తాయారు వేళ్ళ మీద లెక్క వేసుకుంది. అరుగు మీద కూలబడింది. రోజుకు నాలుగు కిలోమీటర్లు. ఊరికీ ఊరికీ మధ్య దూరం అంతే. తాను పటం మీద పెట్టిన ప్రతి చుక్కా ఒక ఊరి వాళ్ళు కొబ్బరికాయ కొట్టి మోసుకెళ్ళిన చుక్క.

"ఎన్నాళ్ళ నుంచి సత్తెమ్మా?"

"రెండేల్లయినాది. నీరు సచ్చిపోయిన కాణ్నించి."

"నీరు చచ్చిపోవడమేమిటి?"

"వల ఏత్తే ఏసిన సోటే ఉంటాది. ముందైతే తెల్లారేసరికి రెండు కోసులు కిందికి లాక్కుపోయేది. ఇప్పుడు నీటికి నడక నేదు. కుంటలో నీరు నాగుంది. సేప కూడా ఎల్లిపోనాది."

"మరి మాకెందుకు చెప్పలేదు?" తాయారు గొంతు తనకే గట్టిగా వినబడింది. "నువ్వైనా చెప్పొద్దా దానయ్యా? రోజూ కొండెక్కి వస్తావే!"

దానయ్య నొచ్చుకున్నాడు. "మీకు తెల్దని నాకెలా తెలుస్తాదమ్మగోరూ? అన్నేసి యంత్రాలున్నాయి. ఒగ్గమన్నారు, ఒగ్గినాను. ఒడ్డుకొచ్చిన అమ్మని సాగనంపొద్దని మీరు సెప్పనేదు గదా."

కొండ మీద వాళ్ళకు తెలుసని పాలెం వాళ్ళు ఊరుకున్నారు. పాలెం వాళ్ళ సంగతి బుడ్లు చెబుతాయని కొండ మీద వాళ్ళు ఊరుకున్నారు.

*

సుధీంద్ర మొదట నమ్మలేదు. తరవాత దానయ్య పడవెక్కి, మూలన పడి ఉన్న ఉష్ణమాపకాన్ని తాడు కట్టి దింపించాడు. తాయారు పటం పలక ఒళ్ళో పెట్టుకుని అంకెలు రాసుకుంది. ఇరవై మీటర్ల దగ్గర ఇరవై ఆరు డిగ్రీలు. యాభై దగ్గర ఇరవై ఎనిమిది. నూరు దగ్గర ముప్పై. నూట యాభై దగ్గర ముప్పై ఒకటి. దిగేకొద్దీ చల్లబడాల్సిన నీరు దిగేకొద్దీ కాగుతోంది.

"రెండేళ్ళ ఎండ," అన్నాడాయన తాడు వదిలేసి. "రెండేళ్ళ ఎండనంతా తీసుకెళ్ళి అక్కడ దాచాం. నివురు కింద నిప్పు."

"తుపాను వస్తే?"

"పైన చల్లగా ఉంది కదా అని ఇప్పటిదాకా చస్తున్నాయి. ఈసారి వచ్చేది కాస్త గట్టిదైతే నీటిని కలియబెడుతుంది. అడుగున ఉన్నది పైకి వస్తుంది. ఆగకుండా మన గొట్టాలే తోడి పెడతాయి. దాన్ని చంపడానికి వేసిన గొట్టాలు దానికి పాలు పడతాయి తాయారుగారూ."

ఆయన మొహం ఏడేళ్ళ పిల్లవాడి మొహంలా అయింది. తాయారు చూడలేక నీళ్ళ వైపు తిరిగింది. నీరు పచ్చగా, నునుపుగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉంది.

మధ్యాహ్నానికల్లా గొట్టాలన్నీ మూసేయమని ఆయన ఆజ్ఞ ఇచ్చాడు. పైనుంచి ఫోన్లు వచ్చాయి. ఏడేళ్ళు కాపాడిన గొట్టాల్ని తుపాను ముందు మూసేవాడికి మతి ఉందా అన్నారు. ఆయన ఫోను తీసి పక్కన పెట్టేసి మూయించాడు. తీరం ఖాళీ చేయించమని కలెక్టర్లకు రాశాడు. వాళ్ళు నమ్మారు, ఊళ్ళకు కబురు పంపారు. జనమే నమ్మలేదు. తొమ్మిది తుపానులకు తొమ్మిది హెచ్చరికలు వచ్చాయి, ఒక్కసారీ తాటాకు లేవలేదు. తుపాను షెల్టర్లలో కొన్ని ఎరువుల గోదాములయ్యాయి, కొన్నిట్లో పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. "ఉయ్యాల గొట్టాలున్నాయి గదా, ఊపేస్తాయి," అని నవ్వారు.

తాయారు మళ్ళీ సత్తెమ్మ దగ్గరికే వెళ్ళింది. ఈసారి సుధీంద్ర కూడా వెంట వచ్చి, చెప్పులు విడిచి వాకిట్లో నిలబడ్డాడు. వేడి సంగతి, నీటి సంగతి ఆయన చెప్పబోయాడు. సత్తెమ్మ చెయ్యి అడ్డంపెట్టింది.

"నీరు సచ్చినాదని మీకిప్పుడు తెలిసినాది, మాకెప్పుడో తెలుసు. సచ్చిన నీటి మీదికి గాలొస్తే ఏటవుద్దో కూడా తెలుసు. మేం లెగుస్తాం. పై ఊల్లోల్లు లెగాలంటే మీ ఫోన్లు సాలవు."

ఇంట్లోకి వెళ్ళి తన తెల్ల చీర ఒకటి తెచ్చింది. వేపచెట్టు కింద ఉన్న బుడ్డికి దండం పెట్టి, వేపమండలు తీసేసి, ఆ చీరతో నిలువునా ముసుగేసి ముడేసింది.

"కలరా రోజుల్లో ఊరు ఖాళీ సేస్తే ఘటానికి ముసుగేసి పంపేవారంట. డప్పు ఉండదు, కాయ ఉండదు. ముసుగేసిన ఘటం వచ్చినాదంటే పంపిన ఊరు ఖాళీ. మనమూ లెగాలి. మా అత్త సెప్పింది. ఇంతవరకూ నేను సూడనేదు." ముడి మరోసారి బిగించి, "ముసలోల్లు ఊరికొకరైనా ఉంటారు. ఆల్లకు తెలుస్తాది," అంది.

"ఊరి నుంచి ఊరికి అప్పగించుకుంటూ పోతే మడ చేరేసరికి నెల రోజులవుతుంది," అన్నాడు సుధీంద్ర.

"అప్పగించను బాబూ," అన్నాడు దానయ్య. "నేనే పట్టుకుని పోతాను. మోటారు పడవ గదా. ముప్పై ఊల్లు. మూడు దినాలు."

తల్లి కొడుకు వంక చూసింది. వద్దనలేదు. పొలిమేర దాటాక ఘటాన్ని ఇంకా మోసుకుంటూ పోయినవాడు ఆ పాలెంలో ఎవరూ లేరు. ఆ మాట ఆవిడ అనకపోయినా దానయ్యకు తెలుసు. పడవ తోస్తూ తాయారు వైపు తిరిగి నవ్వాడు.

"అమ్మగోరూ, బుడ్డి ఎక్కడుందో మీకు తెలుస్తాది గదా. మా అమ్మకి సెప్తుండండి."

*

విదియ నాడు ఆ చుక్క తొమ్మిది ఊళ్ళు దాటింది. తాయారు పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క పెట్టింది. ఈతదిబ్బ నుంచి కబురొచ్చింది. పడవలో ముసుగేసిన ఘటం చూడగానే ఒక ముసలావిడ కెవ్వుమని అరిచిందట. గంటలో ఊరు లేచిందట. తదియ సాయంత్రానికి చుక్క మడ అడవుల అంచుకు, ఆఖరి ఊరు మొండిమడకు చేరింది. అప్పటికి భీమిలిలో గాలి లేచింది. ఉప్పిలిపాలెం మొత్తం కొండ మీది కేంద్రంలో ఉంది. సత్తెమ్మ పటాల గదిలో నేల మీద కూర్చుని ఉంది.

"ఎక్కడున్నాడు తల్లీ?"

"మొండిమడ. చేరాడు. ఇంక అక్కడే ఎక్కడైనా మేడ మీద ఉంటాడు."

చవితి తెల్లవారాక తుపాను తీరం తాకింది. ఏడేళ్ళ లెక్కంతా ఒక్క పూటలో తీర్చుకుంది. దాని వేగం కొలవడానికి పెట్టిన యంత్రాలు ముందే విరిగిపోయాయి. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి, ఊళ్ళ వెనక్కి పోయి, వెనక నుంచి మళ్ళీ వచ్చింది.

ముసుగు ఘటం చూసిన ఊళ్ళలో మనుషులు మిగిలారు. అది చేరని ఊళ్ళు, మడ వెనక పాయల్లో ఉన్నవి, తీరానికి దూరమని ధీమాగా ఉన్నవి, ఫోనులో హెచ్చరిక చదివి నవ్వుకున్నవి తుడిచిపెట్టుకుపోయాయి. శవాలు లెక్కబెట్టడం పది రోజులు సాగింది. తరవాత లెక్క ఆపేశారు. సుధీంద్ర సహాయ శిబిరంలో మట్టి తవ్వుతూనే ఉన్నాడు. చేతులు చీము పట్టినా ఎవరు చెప్పినా వినలేదు. కేంద్రానికి మళ్ళీ రాలేదు.

దానయ్య సంగతి మొండిమడ వాళ్ళు వచ్చి చెప్పారు. తదియ సాయంత్రం తన పడవలోనే వాళ్ళని పాయ దాటించి గట్టుకు చేర్చాడట. ఆరు సార్లు తిరిగాడట. ఆఖరున, ఘటాన్ని ఇక్కడే దింపేసి నువ్వూ గట్టెక్కు అని పెద్దలు బతిమాలారట. "మీ తర్వాత ఊరు నేదు. అమ్మనెవులు దాటిస్తారు? మీ పొలిమేరలోనే ఉండిపోద్ది. పాయ సంద్రంలో కలిసే మొగ దాటించి వచ్చేస్తాను," అని పడవ తిప్పాడట. అంతే. ఇంక కనబడలేదు.

ఆ మాట విన్న రోజు తాయారు ఇంటికి వెళ్ళి దేవుడి గది గడప మీద కూర్చుంది. దీపం వెలిగించలేదు.

"చెయ్యనక్కర్లేదు కదండీ," అంది భర్తతో. "ఆరు సార్లు మనుషుల్ని దాటించాడు. అది చాలదా? ఒక పసుపు డబ్బా కోసం... అది అమ్మవారు కాదని వాడికి తెలుసు. వదిలినవాడే వాడు."

ఆచార్యులు వచ్చి ఆమె పక్కన గడప మీద కూర్చున్నాడు. "మనం రాయికి చేస్తాం. రాయని మనకు తెలియదా?" అన్నాడు. తల అడ్డంగా ఊపి, "నాకూ తెలియడం లేదు తాయారూ. తెలుసని చెప్పలేను," అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట ఆమె వినడం అదే మొదలు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. కొంతసేపటికి ఆయనే లేచి దీపం వెలిగించాడు.

*

తుపాను అడుగున ఉన్న వేడినంతా తోడేసుకుంది. గొట్టాలు మూతబడ్డాయి, సగానికి పైగా తెగి కొట్టుకుపోయాయి. నదుల నీరు మళ్ళీ మీగడలా పరుచుకుంది. ఆ మీగడను చెదరగొట్టినందుకు రెండేళ్ళుగా చచ్చి ఉన్న నీరు కదిలింది.

అది తాయారుకు తెలిసింది ఒక్క చుక్క వల్ల. పదిహేనిట్లో పద్నాలుగు బుడ్లు తుపానులో పగిలి మౌనం పట్టాయి. తెల్ల చీర ముసుగేసిన బుడ్డి ఒక్కటి మటుకు బతికే ఉంది. గోదావరి మొగ దాటి, కృష్ణ మొగ దాటి, రోజుకు ముప్పై కిలోమీటర్ల చొప్పున దక్షిణానికి పోతోంది. పడవ దానితో ఉందో లేదో చుక్క చెప్పదు.

సత్తెమ్మ వారానికొకసారి కొండెక్కేది. శిబిరంలో ఇచ్చిన రగ్గు భుజాన వేసుకుని, పటాల గది గుమ్మంలో కూర్చుని, కొడుకుని గురించే అడిగేది, బుడ్డిని గురించి కాదు.

"ఎక్కడికెల్నాడు?"

"మద్రాసు దాటాడు సత్తెమ్మా."

మార్గశిర అమావాస్య నాడు తాయారు యంత్రం తెరిచింది. చుక్క ఆగలేదు. ముప్పై ఒక్క కిలోమీటర్లు పోయింది. ఆ సంగతి చెబితే సత్తెమ్మ తల పంకించింది. పుష్యం వచ్చాక చుక్క లంక తూర్పు ఒడ్డు వెంట దిగి, కొన దగ్గర పడమటికి తిరిగింది.

పుష్య బహుళ దశమి నాడు అరవై రోజులు నిండాయి. బుడ్డి ఊపిరి ఆగిపోయింది. తెర మీద సముద్రం తప్ప ఏమీ లేదు.

పుష్య అమావాస్య నాడు సత్తెమ్మ వచ్చింది. ఆవేళ పాలెంలో పడవ దింపరు కనుక, ఆవిడకు పని లేదు. గుమ్మంలో కూర్చుని, నీళ్ళడిగి తాగి, మూతి తుడుచుకుంది.

"ఎక్కడికెల్నాడు తల్లీ?"

తాయారు ఖాళీ తెర వంక చూసింది. ఇరవై రెండేళ్ళలో ఆమె లేని చుక్క ఒక్కటీ పెట్టలేదు. అయితే నీరు ఎటు పోతుందో ఆమెకు కంఠతా వచ్చు. ఈ వేళప్పుడు లంక కింద నుంచి పడమటికి పోతుంది. మాల్దీవుల మీదుగా, తరవాత ఆఫ్రికా ఒడ్డుకు, ఆ ఒడ్డు వెంట కిందికి, కొన దాటి అవతలి సముద్రానికి. అక్కణ్ణుంచి మంచు వైపు. అక్కడ దిగిన నీరు వెయ్యేళ్ళు అడుగునే నడుస్తుంది. ఒక్కో చోటు ఒక్కో పొలిమేర. ఒక్కో అమావాస్యకు ఒక్కటి చెప్పినా తన జన్మకు సరిపోతాయి.

ఇన్నాళ్ళూ బుడ్డిని వాళ్ళు మోశారు, తాను నమ్మింది.

"మాల్దీవుల దగ్గరకు వచ్చాడు," అంది. "చిన్న చిన్న దీవులుంటాయి, తెల్లటి ఇసుక. వాటి మధ్య నుంచి పోతున్నాడు."

"నిన్ననా?"

"ఇవాళ పొద్దున."

సత్తెమ్మ కళ్ళెత్తి ఆమె మొహంలోకి చూసింది. "ఇయ్యేల అమాస గదా. అమాస నాడు కూడా నడిచినాడేటి?"

తాయారు పెన్సిలు గట్టిగా పట్టుకుంది. "నడిచాడు."

ముసలావిడ గుండెల నిండా ఊపిరి తీసి వదిలింది. మొండిమడ వాళ్ళు వచ్చి చెప్పిపోయిన నాటి నుంచి ఆవిడ భుజాలు అలా దిగడం తాయారు చూడలేదు.

"అయితే నీరే," అంది సత్తెమ్మ. "ఎవులూ మోత్తన్నారు కాదు."

ఆవిడ రగ్గు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాక, తాయారు పటం మీదికి వంగి, మాల్దీవులకు ఇవతల, సన్నగా, చెరిపితే చెరిగిపోయేంత తేలిగ్గా, ఒక చుక్క పెట్టింది.